దిక్సూచి మీద వేసిన నెపం

బోధన్‌కు ఇవతల, నిజామాబాద్ పోయే రోడ్డు పక్కన నాకో రేకుల షెడ్డు ఉండేది. చెరకు తోలే లారీలు, ట్రాక్టర్లు అందులో బాగుచేసేవాణ్ని. చక్కెర ఫ్యాక్టరీ నడిచే నెలల్లో బండి ఒక్క పూట ఆగినా కోసిన చెరకు ఎండిపోతుందని రైతులు నా నెత్తిన కూర్చునేవారు. నేను చెప్పబోయేది అరవై దశకం తొలి సంవత్సరాల్లో, అలాంటి ఒక ఫిబ్రవరి పొద్దున జరిగిన సంగతి. అప్పటికి నాకు ముప్పై ఏళ్ళు. ఇంజను ఏదైనా సరే, చప్పుడు వింటే రోగం చెప్పగలనన్న గర్వం కొంచెం ఉండేది.

ఆ పొద్దున నేనొక లారీ కింద పడుకుని స్ప్రింగు పట్టీ బోల్టు విప్పుతున్నాను. పైన విమానం చప్పుడు వినబడింది. మా దిక్కు విమానాలు రావడం తక్కువ. వచ్చినా ఎక్కడో మబ్బుల పైన సన్నగా వినబడి పోయేవి. ఇది మాత్రం దగ్గరగా ఉంది. ఒకసారి దూరమై, మళ్ళీ దగ్గరికొచ్చి, తోవ వెతుక్కుంటున్న మనిషిలా తిరుగుతూ ఉంది. అంతలో ఇంజను రెండుసార్లు దగ్గి, ఒక్క క్షణం అందుకుని, పూర్తిగా ఆగిపోయింది. పెట్రోలు అయిపోయిన ఇంజను అట్లాగే ఆగుతుంది. నేను లారీ కింది నుంచి బయటికి పాకాను.

రెక్కలకు గుడ్డ చుట్టిన చిన్న విమానం. ఇద్దరు పట్టేంత. రైలుపట్టాలు దాటి, చెరకు కోసేసిన ఒక మడి వైపు చప్పుడు లేకుండా జారుతూ వస్తోంది. మడి చివర తుమ్మచెట్లు వరసగా ఉన్నాయి. వాటిని చూసి కాబోలు నడిపేవాడు పక్కకు తిప్పాడు. తిప్పుతూ ముక్కు పైకెత్తాడు. ఎడమ రెక్క ఉన్నట్టుండి కిందికి జారింది. ఆ తర్వాత నాకు దుమ్మే కనబడింది.

నేను పరుగెత్తి వెళ్ళేసరికి చెరకు కోసేవాళ్ళు చుట్టూ మూగి ఉన్నారు. ఒకతని నోట్లో బీడీ వెలుగుతోంది. దాన్ని లాగి దూరంగా విసిరి కాలితో తొక్కాను. విమానం ముక్కు నేలలో దిగబడింది. ముందు చక్రాలు ఒరిగిపోయాయి. లోపల ఇరవై రెండేళ్ళ పిల్లగాడు తోలు పట్టీలకు వేలాడుతున్నాడు. నొసలు చిట్లి నెత్తురు కళ్ళలోకి కారుతోంది. పట్టీలు కోసి బయటికి తీశాం. ఎడమ భుజం పట్టుకోగానే మూలిగాడు.

"అన్నా, రెక్క ఇరిగిందా?" అన్నాడు.

"ముందు నీ భుజం బొక్క ఇరిగినట్టుంది, అది సూసుకో," అన్నాను.

ట్రాక్టరు ట్రాలీలో చెరకు ఆకు పరిచి, దాని మీద పడుకోబెట్టి సర్కారు దవాఖానాకు తీసుకుపోయాం. నొసటికి కుట్లు వేశారు. భుజం ఎముక విరిగింది కానీ ప్రాణానికి భయం లేదన్నారు. దారి పొడుగునా అతను ఒక్కటే మాట, "మా సార్‌కు ఖబరు చెయ్యండి, మా అమ్మకు మాత్రం చెప్పకుండ్రి."

సాయంత్రం మడికి తిరిగి వెళ్ళి ట్యాంకు మూత తీసి చూశాను. పొడిగా ఉంది. కింద మట్టి తీసి వాసన చూశాను. పెట్రోలు వాసన లేదు. అంటే కారిపోలేదు, ఇంజనే తాగేసింది. లోపల వేగం, ఎత్తు చూపే గడియారాల మధ్యన ఉండే దిక్సూచి గాజు పగిలి, అందులోని ద్రవం సీటు మీదంతా కారింది. కాపలాకు వచ్చిన కానిస్టేబులు దేన్నీ ముట్టుకోవద్దని నన్ను గదిమాడు. మూత పెట్టి వచ్చేశాను.

మరునాడు మధ్యాహ్నం హైదరాబాదు నుంచి జీపులో ఇద్దరు వచ్చారు. ఒకరు ఆ పిల్లగాడికి విమానం నేర్పే సారు. నెరిసిన మీసం, తక్కువ మాట. రెండో ఆయన వాళ్ళ మెకానిక్, అరవైకి దగ్గరపడ్డ సాయిబు. ఆయన్ను నేను చాచా అని పిలిచాను. విమానాన్ని ముక్కలుగా విప్పి లారీ మీద తీసుకుపోవాలి. దానికి బోల్టులు విప్పే పానాలు, గొలుసులు, మనుషులు కావాలి. ఊళ్ళో ఎవరినడిగినా నా షెడ్డు చూపించారట.

ముందుగా దవాఖానాకు పోయాం. పిల్లగాడు సారును చూసి లేవబోయాడు. ఆయన చేత్తోనే ఆపి, పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"చెప్పు, ఏమైంది?"

అతను చెప్పింది ఇది. ఒంటరిగా దూరం పోయి రావడం అతనికదే మొదటిసారి. హైదరాబాదు నుంచి నిజామాబాద్ దాకా వచ్చి, ఊరి మీద ఒక చుట్టు తిరిగి, దిగకుండానే వెనక్కి పోవాలి. రావడం బాగానే వచ్చాడు. తిరిగి పోయేటప్పుడు పొగమంచు, దానికి తోడు చెరకు ఆకు తగలబెట్టిన పొగ. దిక్సూచిని నమ్ముకుని పోతే అది పడమటికి తీసుకొచ్చింది. తప్పు తెలిసి వెతుక్కునేసరికి పెట్రోలు అయిపోయింది.

"కంపాసు తప్పు చూపింది సార్," అన్నాడు, గోడ వైపు చూస్తూ.

గుమ్మం దగ్గర నిలబడ్డ చాచా టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఆ కంపాసు పోయిన వారం నేనే బిగించిన సాబ్," అన్నాడు సారుతో. "నేల మీద ఇమానాన్ని నాలుగు దిక్కులకు తిప్పి చూసిన. సరిగ్గనే ఉండె."

సారు కాగితం తీసి పిల్లగాడు చెప్పింది రాసుకున్నాడు. పగిలిపోయిన దిక్సూచి ఇప్పుడు ఎవరి పక్షానా సాక్ష్యం చెప్పలేదని ఆ గదిలో అందరికీ తెలుసు.

ఆ సాయంత్రం, మరునాడు పొద్దున మేం రెక్కలు విప్పాం. చాచా పని చూస్తుంటే నాకు ముచ్చటేసింది. ఒక్కో బోల్టును గుడ్డతో తుడిచి, అది ఎక్కడిదో రాసిన చీటీతో కలిపి మూట కట్టేవాడు. మాట మాత్రం లేదు. నేను ఊరికే ఉండలేక, "ఏమైతది చాచా?" అని అడిగాను.

"ఏమైతది బేటా. నిరుడు ఒక చక్రం ఊడింది. నా తప్పు కాదు గానీ నా పేరు మీద రాసిండ్రు. గిది రెండోది. ఇంట్ల కూసోమంటరు," అన్నాడు. "కోపం లేదు ఆ పిలగాని మీద. నిజంగ గట్లనే చూపిందేమో. నా కండ్లు ముసలియైనయి." తన పని మీద తనకే అనుమానం మొదలైంది పాపం. అది నాకు ఎక్కువ బాధ అనిపించింది.

మధ్యాహ్నం మా ఇంటి నుంచి జొన్నరొట్టె, పప్పు వచ్చాయి. లారీ నీడలో కూర్చుని తిన్నాం. సారు రొట్టె తుంచుతూ నన్నడిగాడు, "నీ దగ్గరికి వచ్చే లారీలు ఎక్కువగ ఎందుకు బోల్తా పడ్తయి?"

"బ్రేకులు పడలే అంటరు సార్. ఇప్పి సూస్తే బ్రేకులు మంచిగనే ఉంటయి. నిద్రనో, కల్లో, తొందరనో."

ఆయన మొదటిసారి నవ్వాడు. "మాది గూడ అంతే. ఇంజను చెడి పడినయి తక్కువ. పొద్దున ట్యాంకు అడుగున చేరిన నీళ్ళు వంపకుండ పోతరు, పైకి లేచినంక ఇంజను ఆగుతది. ఆగితే ఎదురుగ ఏ పొలముంటే అండ్ల దిగాలె. దిగరు. వెనక్కి తిరిగి బయలెల్లిన కాడికే పోదామనుకుంటరు. మొన్న వీడు చెట్లను చూసి తిప్పినట్టు తిప్పుతరు. వేగం లేనప్పుడు ముక్కు పైకెత్తితే ఇమానం పైకి పోదు, రాయి లెక్క పడ్తది. ఇవన్ని చెప్త. తలకాయ ఊపుతరు."

రొట్టె పక్కన పెట్టాడు. "అన్నిటికంటే చెడ్డది ఇంటి మీద తిరిగేది. ఒంటిగ పంపంగనే మొదలు పుట్టే ఆలోచన అదే. అక్క చూడాలె, అమ్మ చూడాలె. కిందికి పోతరు, తల బయటికి పెట్టి చెయ్యూపుతరు. మెల్లగ, వంచి తిప్పుతరు. వరంగల్ దిక్కు ఒక పిలగాడు నా చేతి కింద నేర్చుకున్నడు. మంచిగ నేర్చుకున్నడు. వాళ్ళక్క మిద్దె మీద నిలబడి చూస్తుంటెనే పడ్డడు. ఆ అక్కకు నేను పోయి ఏం చెప్పాలె?"

చాచా లేచి పనిలోకి వెళ్ళిపోయాడు.

అంతా విన్నాక కూడా నాకు అనుమానం రాలేదు. పిల్లగాడికి అంబలి ఇచ్చి వద్దామని ఆ సాయంత్రం ఒక్కణ్నే దవాఖానాకు పోయాను. మంచం పక్కన అతని తల్లి, ఒక అవ్వ, కూర్చుని ఉంది. కొంగుకు, గోళ్ళకు పసుపు పట్టి ఉంది. వేల్పూర్ దగ్గర వాళ్ళ పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చిందట. ఎవరు చెప్పారో తెలియదు, విమానం పడిన వార్త సంతలన్నీ తిరిగింది మరి. ఆమెకు ఉన్నది ఈ ఒక్క కొడుకే. కొడుకు చిన్నప్పుడే భర్త పోతే తనే పసుపు సాగు చేసి చదివించింది. సర్కారు ఇచ్చే సీటు దొరికి కొడుకు విమానం నేర్చుకోవడానికి పోయాడు.

నన్ను చూడగానే, "నువ్వేనా బిడ్డా, మా వాన్ని ట్రాలీల ఏసుకొచ్చింది?" అని చేతులు పట్టుకుంది. తర్వాత కొడుకు తల నిమురుతూ నాకు చెప్పసాగింది.

"మొన్న పొద్దుగాల మా ఇంటి మీదికెళ్ళే పోయిండు బిడ్డా. నేను కల్లంల పసుపు ఉడకబెడ్తున్న. చప్పుడు ఇని తలెత్తి సూస్తే ఇమానం. ఒక్కసారి గాదు, మూడుసార్లు తిరిగిండు. ఎంత కిందికొచ్చిండంటే మా వాని మొఖం కనవడ్డది. నవ్విండు. కూలోళ్ళంత పని ఇడిచి ఉరికొచ్చిండ్రు. నేనిట్ల చెయ్యెత్తిన. గా సంబురం ఇంక కండ్లల్లనే ఉన్నది, పడ్డడని తెలిసింది."

పిల్లగాడు కళ్ళు మూసుకున్నాడు. నాకు అప్పుడు అంతా అర్థమైంది. వేల్పూర్ అతను పోవాల్సిన దారిలోది కాదు. నిజామాబాద్‌కు తూర్పున, ఆర్మూర్ దాటి ఉంటుంది. అక్కడ చుట్లు తిరిగి, పడమటికి వచ్చి, రైలుపట్టాలు కనబడగానే ఎడమకు మళ్ళాడు. హైదరాబాదు పోయే పట్టాలనుకున్నాడు. అవి జానకంపేట దగ్గర విడిపోయి బోధన్‌కు వచ్చే పట్టాలు. బోధన్‌లో అవి ఆగిపోతాయి. దిక్సూచి దాని పాటికి అది సరిగ్గానే చూపి ఉంటుంది.

అవ్వ నీళ్ళ కోసం చెంబు తీసుకుని బయటికి పోయింది. నేను స్టూలు మీద కూర్చున్నాను.

"సార్‌కు చెప్తవా అన్నా?" అన్నాడు పిల్లగాడు.

"నువ్వు చెప్పవా?"

"చెప్తే నన్ను పంపిస్తరు. మళ్ళ రానియ్యరు. అమ్మ ఊరంత చెప్పుకున్నది, కొడుకు ఇమానం నడిపిస్తుండని."

"చెప్పకపోతే చాచాను పంపిస్తరు. ఆయన నిన్నటి సంది అన్నం సరిగ తినలే. తన కండ్ల మీద తనకే నమ్మకం పోయింది."

అతను దుప్పటి అంచు వేళ్ళకు చుట్టుకుంటూ ఉండిపోయాడు. "ఆ ముసలాయన నా మొదటి రోజు పట్టీలు బిగించి, భయపడకు బేటా అన్నడు," అన్నాడు. "నేను కంపాసు అన్నప్పుడు ఆయన యాదికి రాలేదన్నా. నా నోటికి ఏదొస్తె అది అన్న. అన్నంక ఎనకకు తీసుకోరాలే."

నేనేం పెద్ద ధర్మాత్ముణ్ని కాను. అతని మీద కోపం తెచ్చుకుందామనుకున్నా రాలేదు. ఇరవై రెండేళ్ళప్పుడు నేను కొత్తగా నేర్చుకున్న లారీని మా అత్తగారి ఊరి నడిమి నుంచి, పని లేకపోయినా, హారను కొట్టుకుంటూ తోలాను. ఒక బండి ఎద్దులు బెదిరి కాలువలో పడ్డాయి. ఆ రోజు బ్రేకులు పడలేదని నేనూ అన్నాను. ఆ సంగతి అతనికి చెప్పాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదని కూడా చెప్పాను.

"రేపు పొద్దుగాల సార్ వస్తడు. నేను చాచాను గూడ తోలుకొస్త. నువ్వు చెప్తే మంచిది. చెప్పకపోతే నేను చెప్పాల్సొస్తది," అని లేచాను. అవ్వ ఎదురొచ్చి, ఇంతలోనే పోతున్నవా బిడ్డా అంది. ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

నిజానికి నేను ఆ సాయంత్రమే పోయి చాచాకు ఒక మాట చెప్పి ఉండవచ్చు. ఒక పూట బాధ తప్పేది ఆయనకు. పిల్లగాడు తనంతట తాను చెబితేనే అందం అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే, అందం ఎవరి కోసం అనిపిస్తుంది.

పొద్దున మేం ముగ్గురం వెళ్ళేసరికి అతను దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. తల్లిని చాయ్ తెమ్మని హోటలుకు పంపాడు.

"సార్, కంపాసు మంచిగనే ఉండె. నేను దాని దిక్కు సూడనే లేదు," అన్నాడు. తర్వాత ఆగకుండా చెప్పాడు. మాక్లూర్ మీదుగా తమ ఊరికి పోయింది, మూడు చుట్లు తిరిగింది, మనసంతా ఇంటి దగ్గరే ఉండి పట్టాలు చూడగానే మళ్ళింది, పట్టాలు ఫ్యాక్టరీ పొగగొట్టాల దగ్గర ఆగిపోతే అప్పుడు చెమటలు పట్టింది, ఇంకా పెట్రోలు ఉన్నప్పుడే ఏదో మడిలో దిగాల్సింది పోయి, దిగితే అందరికీ తెలుస్తుందని వెతుక్కుంటూ తిరిగింది, అన్నీ.

సారు ముఖం ఎర్రబడింది. లేచి కిటికీ దగ్గరికి పోయి మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. అరుస్తాడనుకున్నాను. ఆయన చాలా మెల్లగా అన్నాడు, "ఎంత ఎత్తున తిరిగినవు?"

"మిద్దె కన్న కొంచెం పైన."

"వంచి తిప్పినవా?"

"తిప్పిన సార్. రెండోసారి రెక్క కొంచెం వణికింది. మూడోసారి గూడ తిప్పిన."

సారు వెనక్కి తిరిగాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. "రెక్క వణకుడంటే ఏమో తెలుసా నీకు? అప్పుడే పోయేటోనివి. మీ అమ్మ ముంగట," అన్నాడు.

పిల్లగాడు చాచా వైపు తిరిగాడు. చాచా మంచం దగ్గరికి వచ్చి, జారిన కట్టును భుజం మీద సరిచేశాడు. "మంచిగ బిగించిననా లేదా నేను?" అని మాత్రం అడిగాడు.

"మంచిగ బిగించినవు చాచా."

"గంతే చాలు," అని బయటికి పోయి అరుగు మీద కూర్చున్నాడు. నేను పోయి చూస్తే టోపీతో ముఖం తుడుచుకుంటున్నాడు.

అవ్వ చాయ్ గ్లాసులు పట్టుకుని వచ్చింది. సారు ఆమెకు లేచి నమస్కారం పెట్టాడు. ఆమె సంబరంగా, "మీరేనా సార్ మా వానికి నేర్పింది? మా ఇంటి మీద..." అని మొదలుపెట్టింది. పిల్లగాడు బిక్కచచ్చిపోయి చూస్తున్నాడు. సారు ఆమెను పూర్తిగా చెప్పనిచ్చాడు. మూడు చుట్లూ, నవ్వూ, అన్నీ విన్నాడు.

"మంచిగ నడుపుతడమ్మా మీ కొడుకు. ఇంక నేర్చుకోవాల్సింది ఉన్నది," అన్నాడు. అంతకు మించి ఆమెకు ఎవరమూ ఏమీ చెప్పలేదు.

పాత కాగితం చింపి కొత్తది రాశారు. మరునాడు విమానాన్ని లారీ మీద కట్టి పంపించాం. రెక్కల కింద దెబ్బ తగలకుండా చాచా అడిగి మరీ చెరకు ఆకు పరిపించుకున్నాడు.

పిల్లగాణ్ని ఏడాదిపాటు విమానం ఎక్కనివ్వలేదని తర్వాత తెలిసింది. పూర్తిగా తీసేయాల్సిందేనని కొందరు పట్టుబట్టారట. తనంతట తాను ఒప్పుకున్నాడని సారు అడ్డం పడ్డాడట. ఆ ఏడాదంతా అతను రోజూ వచ్చి చాచా దగ్గర పానాలు అందిస్తూ పనిచేశాడని చాచాయే ఒక కార్డు రాయించి పంపాడు. ఎవరూ చెప్పకుండానే వచ్చాడట. చాచా మరో నాలుగేళ్ళు పనిచేసి, తన ఇష్టంతోనే మానుకున్నాడు.

డెబ్బై దశకంలో ఒక మధ్యాహ్నం ఆ పిల్లగాడు నా షెడ్డుకు వచ్చాడు. పిల్లగాడు అనకూడదు, జుట్టు పలచబడింది. నొసటి మీద మచ్చ లేకపోతే గుర్తుపట్టేవాణ్ని కాను. ఏదో దూరపు రాష్ట్రంలో విమానం నేర్పే పనిలో ఉన్నానన్నాడు. ఇద్దరం నడుచుకుంటూ ఆ మడి దాకా పోయాం. అప్పుడందులో వరి ఉంది.

"ఒక్కన్ని పంపే ముందు ప్రతోన్ని అడుగుత అన్నా, మీ ఇల్లు ఏ దిక్కున ఉన్నది అని," అన్నాడు. "ఇంటి దిక్కు పోయే తొవ్వ మొదటిసారి ఇయ్యను. ఇంట్లోళ్ళనే ఇక్కడికి పిలిపిస్త. గేటు కాడ నిలబడి చూస్తరు. మావోడు పైకి లేస్తడు, దిగుతడు. అందరికి సంబురం తీరుతది."

వాళ్ళమ్మ అంతకు ముందు ఏడాది పోయింది. ఆ విషయం మడి గట్టు మీద కూర్చుని చెప్పాడు.

"నా అబద్ధం సంగతి అమ్మకు చెప్పలేదన్నా. ఆ మూడు చుట్ల వల్లనే పడ్డ అని గూడ చెప్పలే. చచ్చేదాక ఆ కథ అందరికి చెప్పుకున్నది. చెప్పాల్సి ఉండెనా?"

నేను మధ్యలో ఒకసారి పెళ్ళికని వేల్పూర్ పోయినప్పుడు ఆమెను చూసి వచ్చాను. నాకు అన్నం పెడుతూ అదే కథ మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఆ ముఖం నాకు గుర్తుంది. అతనికి ఆ మాట చెప్పాను.

"నేనైతే చెప్పకపోతుంటి," అన్నాను. "గానీ అది సరైందో కాదో నాకు తెల్వది."

అతను తలూపాడు. ఆర్మూర్ బస్సుకు ఇంకా టైముందని షెడ్డుకు తిరిగొచ్చి చాయ్ తాగాం. గొలుసుకు వేలాడుతున్న ఒక ట్రాక్టరు ఇంజను చూసి, చొక్కా చేతులు మడిచి, నాతోపాటు దాని మీదికి వంగాడు. బస్సు వచ్చేదాకా ఇద్దరం దాని సంగతే మాట్లాడుకున్నాం.